రేడియో తరంగమునకు బాట ఎంత వెడల్పు?

రెండు గ్రామములు కలవనుకొనుడు. వాని నడుమ దూరము 20 కిలోమీటర్లు. నేల చదునైనది, మధ్య వరి పొలములు, కొబ్బరి తోటలు. ఒక గ్రామమున ఇంటర్నెట్టు కలదు, రెండవ దానియందు లేదు. అంత దూరము తీగ వేయుటకు ధనము చాలనందున, రెండు ఊళ్లలోను 25 మీటర్ల ఎత్తుగల ఉక్కు టవర్లను నిలిపి, వాని కొనలందు రేడియో యంత్రముల నమర్చిరి. ఒక టవరు నెక్కి దుర్భిణితో చూచినచో రెండవ టవరు కొన చెట్ల తలల మీదుగా కనబడుచున్నది. మధ్య అడ్డమేమియు లేదు. అయినను సంకేతము నిలకడగా అందుట లేదు. ఒకనాడు వచ్చును, మరునాడు సన్నగిల్లును.

ఇట్టి సందర్భమున యంత్రములను నిందించుట పరిపాటి. కాని యంత్రములలో దోషము లేకపోవచ్చును. కంటికి కనబడినచో రేడియోకును దారి యున్నట్లే యని తలచుటలో దోషమున్నది. కాంతికి సన్నని సందు చాలును. రేడియో తరంగమునకు వెడల్పైన బాట కావలెను. ఆ వెడల్పు ఎంతయో, అది దేనిపై ఆధారపడునో తెలిసినచో, ఏ గ్రామమునకు ఎంత ఎత్తైన టవరు కావలెనో కాగితముపైననే చెప్పవచ్చును. ఇందుకు ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితము చాలును.

తరంగముల పొడవు

కాంతియు, రేడియో తరంగములును విద్యుదయస్కాంత తరంగములే. రెండును శూన్యములో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. భేదమంతయు వాని పొడవులో నున్నది. వేగమును పౌనఃపున్యముచే భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. సెకనుకు పది లక్షల కంపనములను ఒక మెగాహెర్ట్జ్ అందురు. 100 మెగాహెర్ట్జ్‌ల ఎఫ్.ఎం. ప్రసారమునకు తరంగదైర్ఘ్యము 3 మీటర్లు. 600 మెగాహెర్ట్జ్‌లకు 50 సెంటీమీటర్లు. వైఫై యంత్రములు వాడు 2,400 మెగాహెర్ట్జ్‌లకు 12.5 సెంటీమీటర్లు. ఆకుపచ్చని కాంతి తరంగమో, మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే.

30 మొదలు 300 మెగాహెర్ట్జ్‌ల వరకు గల భాగమును వి.హెచ్.ఎఫ్. అనియు, 300 మొదలు 3,000 వరకు గల భాగమును యు.హెచ్.ఎఫ్. అనియు వ్యవహరింతురు. వీనికంటె తక్కువ పౌనఃపున్యముగల హ్రస్వతరంగములకు ఒక సౌకర్యము కలదు. భూమికి నూరు కిలోమీటర్లకు పైన విద్యుదావేశముగల కణములతో నిండిన అయనోవరణమను పొర యున్నది. హ్రస్వతరంగములు దానిని తాకి వంగి, వేల కిలోమీటర్ల ఆవల భూమిపై దిగును. అందువలననే దూరదేశముల రేడియో ప్రసారములు వినబడుచున్నవి. 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ఈ పొర యునికిని ప్రయోగముచే నిరూపించెను. కాని 30 మెగాహెర్ట్జ్‌లు దాటిన తరంగములు సాధారణముగా ఈ పొరను చీల్చుకొని అంతరిక్షములోనికి పోవును, తిరిగి రావు. కనుక అవి నేలకు దగ్గరగా, ఒక ఆంటెన్నా నుండి మరొకదానికి ఇంచుమించు సూటిగానే పోవలెను.

అట్లయినచో ఇంటర్నెట్టుకు హ్రస్వతరంగములనే వాడరాదా? వాడరాదు, ఏలన, వానియందు చోటు చాలదు. ఒక సెకనులో ఎంత సమాచారము పంపవచ్చుననునది, ఎంత వెడల్పైన పౌనఃపున్యపు పట్టీ లభించుననుదానిపై ఆధారపడును. ఈ సంబంధమును 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ గణితరీత్యా స్థాపించెను. దేశములోని ఎఫ్.ఎం. కేంద్రములన్నియు 88 నుండి 108 మెగాహెర్ట్జ్‌ల వరకు గల పట్టీలో సర్దుకొనుచున్నవి. అనగా మొత్తము వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లు. సామాన్యమైన వైఫై యంత్రము ఒక్కటి వాడుకొను మార్గపు వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌లే! అంత విశాలమైన చోటు పై పౌనఃపున్యములందే దొరకును. చోటు కావలెనన్న పైకి పోవలెను. పైకి పోయినచో దారి సూటిగా నుండవలెను. సమస్య యంతయు ఈ చిక్కులోనే యున్నది.

గాలిలో రేడియో ద్వారా కంప్యూటర్లను కలుపుట క్రొత్త సంగతి కాదు. 1971లోనే హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము, ద్వీపములలోని కేంద్రములను 400 మెగాహెర్ట్జ్‌లకు కొంచెము పైబడిన తరంగములతో ఒక కంప్యూటరుకు కలిపెను. ఆ ‘అలోహా’ పథకపు వేగము సెకనుకు 9,600 బిట్లు. నేటి వైఫై ఆ వంశమునకు చెందినదే.

భూమి వంపు

భూమి గుండ్రముగా నున్నందున దూరపు వస్తువులు దిగంతమునకు క్రింద దాగును. ఎత్తును మీటర్లలో తీసికొని, వర్గమూలము కట్టి, 3.57 చే గుణించినచో దిగంతమెంత దూరముననున్నదో కిలోమీటర్లలో తెలియును. సముద్రతీరమున నిలిచిన మనుష్యుని కన్ను నీటిమట్టమునకు 1.6 మీటర్ల ఎత్తుననున్నచో, అతనికి దిగంతము సుమారు 4.5 కిలోమీటర్లే.

రేడియో తరంగము ఇంతకంటె కొంచెము దూరము పోవును. నేలకు దగ్గర గాలి దట్టముగాను, పైకి పోయినకొలది పలుచగాను ఉండును. పలుచని గాలిలో తరంగము కొంచెము వేగముగా సాగును. కావున తరంగపు పై అంచు ముందునకు పోగా, క్రింది అంచు వెనుకబడి, తరంగమంతయు భూమి వైపునకు స్వల్పముగా వంగును. ఇది వక్రీభవనము. దీని ఫలితము, భూమి వ్యాసార్ధము మూడింట నాలుగు వంతులైనట్లు, అనగా 6,370 కిలోమీటర్లకు బదులు సుమారు 8,500 కిలోమీటర్లైనట్లు ఉండును. కావున రేడియో దిగంతము కొరకు 3.57 కు బదులు 4.12 చే గుణింతురు. 25 మీటర్ల టవరుకు రేడియో దిగంతము 20.6 కిలోమీటర్లు. అట్టి టవర్లు రెండున్నచో 41 కిలోమీటర్ల వరకు పరస్పరము ‘చూచుకొనును’. గ్రామముల మధ్య దూరము 20 కిలోమీటర్లే కనుక, భూమి వంపొక్కటే అడ్డు కాజాలదు.

ఐనను వంపును లెక్కలోనికి తీసికొనవలసినదే. రెండు టవర్ల మధ్య నేల ఎంత ఉబ్బియున్నదో తెలియుటకు, మధ్య స్థానమునుండి ఇరువైపుల దూరములను గుణించి, 17 చే భాగింపవలెను. 10 ని 10 చే గుణించి 17 చే భాగించగా 5.9 మీటర్లు. నడిమి భాగమున రేడియో దృష్టిలో నేలయే ఆరు మీటర్ల గుట్ట వలె లేచియున్నదన్న మాట. దానిపై 15 మీటర్ల కొబ్బరిచెట్టు నిలిచినచో దాని తల 21 మీటర్లకు చేరును. టవరు కొన 25 మీటర్లు. మిగిలిన సందు 4 మీటర్లు.

ఫ్రెనెల్ చూపిన బాట

నాలుగు మీటర్ల సందు చాలదా? ఈ ప్రశ్నకు సమాధానము రేడియో పుట్టకముందే, కాంతిని గూర్చిన వివాదములో దొరికినది. ఫ్రాన్సులో అగస్టిన్ ఫ్రెనెల్ అను నతడు వృత్తిచే రోడ్లు, వంతెనల ఇంజనీరు. కాంతి తరంగరూపమైనదని అతడు 1818లో పారిస్ విజ్ఞాన పరిషత్తుకు ఒక ప్రబంధము సమర్పించెను. పరీక్షకులలో నొకడైన పాయిసాన్ దానిని నమ్మక, ఇట్లు ఆక్షేపించెను: ఈ సిద్ధాంతమే నిజమైనచో, గుండ్రని బిళ్ల నీడకు సరిగా నడుమ ఒక వెలుగుచుక్క కనబడవలెను, అది అసంభవము. అరాగో ప్రయోగము చేసి చూడగా, ఆ చుక్క నిజముగనే కనబడెను! 1819లో ఫ్రెనెల్‌కు బహుమానము లభించెను.

దీని తాత్పర్యమేమనగా, తరంగము ఒక్క గీత వెంట పోవునది కాదు. ప్రసారిణి నుండి గ్రాహకమునకు సూటిగా పోవు భాగము కలదు. ప్రక్కల నుండి కొంచెము చుట్టు తిరిగి వచ్చు భాగములును కలవు. చుట్టు దారి, సూటి దారికంటె సగము తరంగదైర్ఘ్యము లోపల మాత్రమే ఎక్కువైనచో, ఆ భాగమును సంకేతమునకు బలము చేకూర్చును. అంతకు మించినచో ఒకదాని శిఖరము మరొకదాని లోయపై పడి, రెండును పరస్పరము చెరిపివేయ నారంభించును. కనుక, సూటి గీతకు చుట్టును, ఎక్కువ దూరము సగము తరంగదైర్ఘ్యము మించని ప్రదేశమంతయు సంకేతమునకు ప్రధానమైన బాట. దీనికి ప్రథమ ఫ్రెనెల్ మండలమని పేరు. కొసలందు సన్నముగాను, నడుమ లావుగాను ఉండుటచే, అది నూలు చుట్టిన కండెను పోలియుండును.

దీని నడిమి వ్యాసార్ధమును కట్టుట సులభము. తరంగదైర్ఘ్యమును దూరముచే గుణించి, వర్గమూలము తీసి, సగము చేయవలెను; అన్నియు మీటర్లలో నుండవలెను. 2,400 మెగాహెర్ట్జ్‌లకు తరంగదైర్ఘ్యము 0.125 మీటర్లు, దూరము 20,000 మీటర్లు. లబ్ధము 2,500, వర్గమూలము 50, సగము 25 మీటర్లు.

ఈ ఫలితమును విద్యార్థులు పైథాగరస్ సిద్ధాంతముతో సరిచూడవచ్చును. దారి మధ్యలో 25 మీటర్లు ప్రక్కకు జరిగి పోయినచో, 10,000 మీటర్ల భుజముపై ఒక లంబకోణ త్రిభుజమేర్పడును. దాని కర్ణము 10,000 మీటర్లకంటె 3.125 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. రెండు సగములకు కలిపి 6.25 సెంటీమీటర్లు. ఇది సరిగా 12.5 సెంటీమీటర్లలో సగము. ఇరువది కిలోమీటర్ల ప్రయాణమున ఆరు సెంటీమీటర్ల తేడాయే సంకేతపు భవిష్యత్తును నిర్ణయించుచున్నది!

అనుభవమున, ఈ వ్యాసార్ధములో నూటికి 60 వంతులు ఖాళీగా నున్నచో, అడ్డమేమియు లేనట్లే సంకేతము అందును. 25 మీటర్లలో 60 వంతులనగా 15 మీటర్లు. కావలసిన సందు 15 మీటర్లు. ఉన్న సందు 4 మీటర్లు. కనబడిన టవరు నుండి సంకేతమెందుకు సన్నగిల్లినదో ఇప్పుడు స్పష్టము.

టవరు ఎత్తు లెక్క

లెక్క మూడు సంఖ్యల కూడిక మాత్రమే. భూమి ఉబ్బు 6 మీటర్లు, చెట్టు 15 మీటర్లు, బాట కొరకు 15 మీటర్లు: మొత్తము 36 మీటర్లు. రెండు టవర్లును అంత ఎత్తుండవలెను. చెట్లు ఇంకను పెరుగును కనుక, కొంత మిగులు నుంచుట మంచిది. కొబ్బరిచెట్టు 20 మీటర్లకు మించియు పెరుగును.

ఉక్కు టవరు ఎత్తు రెట్టింపైనచో, గాలి వత్తిడికి నిలుచుటకు పునాది, అవయవములు బలపడవలసియుండుటచే, ధర రెట్టింపుకంటె ఎక్కువగును. ఇట్టి గ్రామీణ పథకములలో రేడియో యంత్రముల వెలకంటె టవర్ల వెలయే తరచుగా అధికము. కనుక ఇది కేవలము భౌతికశాస్త్రపు చిక్కు కాదు. ఒక గ్రామమునకు ఇంటర్నెట్టు చేరుటయో, చేరకుండుటయో ఈ కూడికపై ఆధారపడును.

ఖర్చు తగ్గించుటకు దారులు కలవు. మధ్య నొక ఊరిలో మూడవ టవరు నిలిపి, దూరమును పదేసి కిలోమీటర్లుగా విడదీసినచో, భూమి ఉబ్బు 1.5 మీటర్లకును, 60 వంతుల బాట సుమారు 10.6 మీటర్లకును తగ్గును. చెట్టుతో కలిపి 27 మీటర్లు చాలును. పైగా నడిమి ఊరికిని సౌకర్యము కలుగును. లేదా ఎక్కువ పౌనఃపున్యమును ఎన్నుకొనవచ్చును. 5,800 మెగాహెర్ట్జ్‌లకు తరంగదైర్ఘ్యము 5.2 సెంటీమీటర్లే కనుక, 20 కిలోమీటర్లకు 60 వంతుల బాట సుమారు 10 మీటర్లు. టవరు 31 మీటర్లు చాలును. గుట్టయో, ఎత్తైన నీళ్ల టాంకియో సమీపమున నున్నచో, ఆ ఎత్తు ఉచితముగా లభించినట్లే.

దూరముతో శక్తి ఎట్లు క్షీణించును?

బాట ఖాళీగా నున్నను, తరంగము దూరముతో పలుచబడును. దీపపు కాంతి వలె అది అన్ని దిశలకు వ్యాపించి, దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. 20 కిలోమీటర్లలో 12.5 సెంటీమీటర్ల తరంగములు 1,60,000 ఇముడును. ఆ సంఖ్యను 12.57 చే గుణించగా సుమారు 20 లక్షలు; దాని వర్గము 4 లక్షల కోట్లు. అన్ని దిశలకు సమముగా పనిచేయు ఆంటెన్నాల మధ్య శక్తి ఇన్నవ వంతునకు క్షీణించును.

భారతదేశమున 2005లో 2,400 మెగాహెర్ట్జ్‌ల పట్టీని పరిమిత శక్తితో లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించిరి; ఒక దిశకు కేంద్రీకరించిన ఫలిత శక్తి 4 వాట్లు మించరాదని నియమము. ఆ 4 వాట్లలో 4 లక్షల కోట్లవ వంతు ఒక పికోవాట్టు. అవతల నిలిపిన డిష్షు ఆంటెన్నా ఒక దిశ నుండి వచ్చు శక్తిని 250 రెట్లుగా కూడగట్టినచో, గ్రాహకమునకు 250 పికోవాట్లు చేరును. సెకనుకు పది మెగాబిట్ల వేగమునకు సామాన్య గ్రాహకమునకు సుమారు 3 పికోవాట్లు చాలును. అనగా 80 రెట్ల మిగులు కలదు.

ఈ మిగులే కష్టకాలమునకు దాచుకొన్న గింజల వంటిది. దారిలో ఒక్క సన్నని గట్టు అంచు సూటి గీతను తాకినచో, శక్తి నాలుగవ వంతగును. మిగులులో కొంత పోవును, లంకె నిలుచును. కాని సమతలమున తోటలు ఒకదాని వెంట నొకటి బారులుతీరి, వాని తలలు గీతకు తాకుచున్నచో, శక్తి నూరవ వంతు వరకు పడిపోవచ్చును. అంతటితో మిగులంతయు హరించును. ఇక గాలిలోని చిన్న మార్పుకును సంకేతము తెగును.

చెట్టు, నీరు, వాన

అడ్డము వెనుకకు తరంగము కొంత వంగి చేరును. దీనిని వివర్తనమందురు. పొడవైన తరంగములు బాగుగా వంగును. పొట్టి తరంగములకు నీడ చిక్కగా నుండును. ఆకుల విషయమునను ఇదే న్యాయము. వి.హెచ్.ఎఫ్. తరంగములకు చెట్టు పెద్ద అడ్డు కాదు. 2,400 మెగాహెర్ట్జ్‌ల తరంగమును దట్టమైన చెట్టొక్కటి పదవ వంతునకు తగ్గింపగలదు. ఆకులు తడిసినచో నష్టము ఇంకను హెచ్చును.

నీరు మరొక విధమున బాధించును. నాట్లకై నీరు పెట్టిన పొలము, చెరువు, ఉప్పుటేరు — ఇవి తరంగమునకు అద్దముల వంటివి. తరంగము నేలను మిక్కిలి ఏటవాలుగా తాకును కనుక, చిన్న ఎగుడుదిగుడులు దానికి లెక్కకు రావు. పరావర్తనము చెందిన తరంగము సూటి తరంగముతో కలిసి, ఒక ఎత్తున దానిని బలపరచును, మరొక ఎత్తున చెరిపివేయును. ఇది వ్యతికరణము. ఇట్టిచోట ఆంటెన్నాను పైకి జరుపుట మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు మీటర్లు క్రిందికి దింపుటయు మేలు చేయవచ్చును.

వానను గూర్చి ఒక అపోహ కలదు. పెద్దవాన కురిసినపుడు డి.టి.హెచ్. టెలివిజన్ బొమ్మ ఆగిపోవుటను చూచి, వాన అన్ని రేడియో తరంగములను ఆపునని తలతురు. ఆ ప్రసారములు 10,000 మెగాహెర్ట్జ్‌లకు పైబడినవి. తరంగము పొడవు చినుకు పరిమాణమునకు సమీపించుచున్నందున నష్టము ఎక్కువ. 2,400 మెగాహెర్ట్జ్‌ల వద్ద కుంభవృష్టియైనను లెక్కింపదగిన నష్టము కలిగింపదు. వానలో వైఫై లంకె చెడినచో, తడిసిన ఆకులను, నీరు చొచ్చిన కేబులు కొసలను ముందుగా పరీక్షింపవలెను.

గాలి పొరల ప్రభావము మాత్రము విచిత్రమైనది. చల్లని, తేమగల గాలిపై వెచ్చని, పొడిగాలి పరచుకొన్నచో, తరంగము మామూలుకంటె అధికముగా వంగి, ఆ రెంటి నడుమ గొట్టములో చిక్కుకొన్నట్లు భూమి వంపు వెంట పోవును. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున బొంబాయిలోని 200 మెగాహెర్ట్జ్‌ల రాడారు వెయ్యి మైళ్లకు మించిన దూరముననున్న అరేబియా తీరమును చూపెను. ఇట్టి దినములలో ఎక్కడివో ప్రసారములు వచ్చి అడ్డు తగులుటయు, ఉన్న లంకె బలహీనపడుటయు కలదు. 80 రెట్ల మిగులు వృథా కాదని దీనివలన తెలియుచున్నది.

చేసి చూపినవారు

ఈ లెక్కలు పుస్తకములకే పరిమితములు కావు. వెనెజువెలాలో ఎర్మానో పియెట్రోసెమోలి బృందము 2007లో సామాన్య వైఫై యంత్రములతో 382 కిలోమీటర్ల లంకెను నడిపెను. ఒక కొస 4,200 మీటర్ల ఎత్తున ఆండీస్ పర్వతమున, రెండవది సుమారు 1,500 మీటర్ల కొండపై నుండెను. పై సూత్రముతో సరిచూడవచ్చును: ఆ ఎత్తుల వర్గమూలములు 64.8, 38.7, మొత్తమును 4.12 చే గుణించగా 426 కిలోమీటర్లు. 382 అందులో ఇముడుచున్నది.

ఇంత దూరమున మరొక చిక్కు బయటపడును. వైఫై నియమముల ప్రకారము, ప్రతి పొట్లము అందగానే అవతలి యంత్రము ‘అందినది’ అని బదులు చెప్పవలెను. ఇల్లు, కార్యాలయముల కొరకు కల్పించిన యంత్రము కనుక, అది బదులు కొరకు కొద్ది పదుల మైక్రోసెకనులే వేచియుండును. 20 కిలోమీటర్లకు కాంతి వేగముతో పోయి వచ్చుటకే 133 మైక్రోసెకనులు పట్టును. బదులు దారిలో నుండగనే యంత్రము పొట్లము పోయినదని తలచి మరల పంపును, వేగమంతయు వ్యర్థమగును. కనుక వేచియుండు కాలమును పొడిగించుటయో, రెండు కొసలకును మాటలాడుటకు వంతులు ఏర్పరచుటయో చేయవలెను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు 2000 దశాబ్దిలో ఈ వంతుల పద్ధతిని అభివృద్ధిపరచిరి. తమిళనాడులో తేనిలోని అరవింద్ కంటి ఆసుపత్రిని గ్రామ కేంద్రములతో వైఫై లంకెలు కలిపెను. రోగి తన ఊరి కేంద్రముననే కూర్చుండి తేనిలోని వైద్యునితో ముఖాముఖి మాటలాడ గలిగెను. ఆ దశాబ్దిలోనే ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పథకము క్రింద, కొబ్బరి తోటల డెల్టాలోని గ్రామములను ఇట్టి లంకెలతో కలిపి, విద్య, వైద్య సలహాలను అందించెను.

తక్కువ పౌనఃపున్యమా, ఎక్కువయా?

చెట్లు దాటుటకు పొడవైన తరంగము మేలు. చోటు కొరకు పొట్టి తరంగము మేలు. ఈ రెంటికి రాజీగా టెలివిజన్ పట్టీలలో వాడుక లేక మిగిలిన ఖాళీలను ఇంటర్నెట్టుకు వినియోగించు ప్రయత్నములు జరిగినవి. 2011లో వెలువడిన 802.22 అను ప్రమాణము 54 నుండి 862 మెగాహెర్ట్జ్‌ల వరకు గల వి.హెచ్.ఎఫ్., యు.హెచ్.ఎఫ్. పట్టీలను ఉద్దేశించినది. బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు 2010 దశాబ్దిలో మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతపు గ్రామములలో 470 నుండి 590 మెగాహెర్ట్జ్‌ల వరకు గల పట్టీతో ప్రయోగములు చేసిరి.

ఇచట ఒక సూక్ష్మము కలదు. 600 మెగాహెర్ట్జ్‌లకు 20 కిలోమీటర్ల దారిలో ఫ్రెనెల్ వ్యాసార్ధము 50 మీటర్లు. సంపూర్ణముగా ఖాళీ బాట కావలెనన్నచో 2,400 మెగాహెర్ట్జ్‌లకంటె రెట్టింపు సందు అవసరము! అయినను ఈ తరంగమునకు చెట్లలో నష్టము తక్కువ, అడ్డము వెనుకకు వంగుట ఎక్కువ. కనుక బాట పూర్తిగా ఖాళీ లేకున్నను పని జరుగును. దానికి మూల్యముగా ఆంటెన్నా పెద్దదగును. అంతే కేంద్రీకరణమునకు డిష్షు నాలుగు రెట్ల వ్యాసము గలదై యుండవలెను. కొండలు, దట్టమైన చెట్లుగల చోట తక్కువ పౌనఃపున్యము, బయలుదారి లభించుచోట ఎక్కువ పౌనఃపున్యము తగును.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక అభ్యాసముగా ఇయ్యవచ్చును. విద్యార్థులు తమ పాఠశాలను, 10 లేక 15 కిలోమీటర్ల దూరపు మరొక ఊరిని పటముపై గుర్తింపవలెను. సర్వే ఆఫ్ ఇండియా పటములోని సమోన్నత రేఖల నుండి, దారి పొడవునను నేల ఎత్తులు గ్రహించి, గళ్ల కాగితముపై గీయవలెను. దానికి భూమి ఉబ్బును కలుపవలెను. నీడ పొడవునుబట్టి చెట్ల ఎత్తును త్రికోణమితితో కొలిచి చేర్పవలెను. పైన ఫ్రెనెల్ కండెను గీసి, అది ఎచట దేనిని తాకుచున్నదో చూడవలెను. కండె నడుమనే లావు కనుక, కొసకు దగ్గరనున్న చెట్టుకంటె మధ్యనున్న చెట్టు ఎక్కువ బాధించుననియు, చెట్టు నరుకుట కంటె ఆంటెన్నాను కొన్ని మీటర్లు జరుపుట సులభమనియు వారు తామే కనుగొందురు.

పైథాగరస్ సిద్ధాంతము, వర్గమూలము, తరంగసూత్రము — పరీక్షల కొరకు నేర్చిన ఈ మూడే, ఒక ఊరికి ఎంత ఉక్కు కొనవలెనో చెప్పుచున్నవి. లెక్క ముందుగా కట్టినవారు టవరును ఒక్కసారియే నిలుపుదురు.